అభ్యంతరం

నాయిన పోయిన పదకొండో దినం
టిఫిను డబ్బల పెట్టుకొని పోయినం రివాల్వరును,
మిర్యాలగూడ ఠాణాకు.
హెడ్డు కానిస్టేబులు తెల్లగుడ్డల చుట్టి
అట్టముక్క మీద నంబరేసి దారం గట్టిండు,
దవఖానల పుట్టిన పిల్లకు చేతికి గడ్తరు చూడు, అట్ల.
రశీదు రాసుకుంట గట్టిగ చదివిండు:
ముప్పై రెండు బోరు, ఒకటి.
తూటాలు, పందొమ్మిది.

'పుస్తకంల ఇరవై అయిదున్నయి, తక్కినయేవి?'
'దసరాకు పేల్చినం సార్' అన్నడు అన్న.
అయిదు నిజమే.

నాయిన దాన్ని మనిషి మీదికి ఎన్నడెత్తలే.
రైసుమిల్లు పైకం బ్యాంకుల కట్టొచ్చే పని ఆయనది.
నడుముకు బరువుండాలె, అంతే అనేటోడు.
ఆదివారం గడపల కూసొని
దూదితోటి నూనె రాసేటోడు.
ఓట్లు వచ్చినప్పుడల్లా ఠాణాల అప్పజెప్పి
ఓట్లయినంక తెచ్చుకునేటోడు,
అలిగి పుట్టింటికి పోయిన కోడల్ని తోల్కొచ్చినట్టు
నిమ్మలంగ, తొవ్వల ఎవరితోటి మాట్లాడకుంట.

తాతకు భర్మారు ఉండెనంట.
అది చేతులు మారనీకి చీకటొక్కటి సాలు.
నాయినమ్మ జొన్నగంపల అడుగున పెట్టి
మూసీ దాటిచ్చిందంట,
ఎవరికిచ్చిందో చచ్చేదాక చెప్పలే.
ఇప్పుడు తండ్రిది కొడుక్కు రావాలన్నా
డాక్టరు చీటి, పేల్చుడు నేర్చిన చీటి,
ఠాణా రిపోర్టు, నాలుగు ఫొటోలు.
'ఏం సర్కారురా ఇది, మా నాయిన సొమ్ము మాకియ్యనీకి!'
నల్లగొండ దాక బస్సుల తిట్టుకుంటనే ఉన్నడు అన్న.
'నాయిన గుర్తు చెల్లె, ఇంకేం లేదు.'
నాయిన కండ్లద్దాలు అట్లనే ఉన్నయి అల్మారల.
చేతికట్టె వాననీళ్ల బకీటు పక్కన ఉన్నది.
వాటిని గుర్తని ఎవరూ అనలే.

తుంగపాడు కాడి రెండెకరాలప్పుడు
నా బొటనేలు పట్టి సిరాల ముంచి
'గీడ పెట్టు చెల్లె' అన్నడు.
నాకు సంతకం వచ్చు. పది పాసైన.
పెట్టిన.

ఆఫీసుల గుమాస్త ఆఖరి కాయితం తీసిండు.
మిగిలిన వారసులు సంతకం చెయ్యాలంట.
అన్న జిరాక్సుకు పోయిండు.
ఫ్యాను గిర్రుమంటున్నది, కాయితం మీద పెట్టిన గాజుగుండు
లోపల ఎర్రపువ్వు కదుల్తలేదు.
'మీకేమన్న అభ్యంతరం ఉన్నదా అమ్మా?'

నలభై ఆరేండ్లకు
ఈ మాట నన్నెవరన్న అడుగుడు ఇదే మొదలు.
పెండ్లికి అడగలే. భూమికి అడగలే.
తుపాకి అడిగింది.

సులోచన వదిన పక్క కుర్చీల ఉన్నది.
నా దిక్కు చూడలే.
చల్లారిన చాయ గిలాసను
రెండు చేతులతోటి పట్టుకున్నది
జారిపోతదన్నట్టు.
ఆమె అర్రల క్యాలెండరు
నాలుగేండ్లాయె మారక, ఆ ఏడు దసరాదే.
నేను ఒక్కనాడు దుమ్ము దులుపుదామని లేపి
మళ్ల మెల్లగ దించిన.
దించినంక బయటికొచ్చి కూరగాయలు తరిగిన.
అది కూడ రాస్కోవాలె నేను, నా లెక్కల.

'ఉన్నది' అన్న.
గుమాస్త తలెత్తిండు.
'కారణం రాయాలమ్మా, గీడ,' అని ఏలు పెట్టిండు.
బెత్తెడంత జాగ.
ఎంత రాస్తరు బెత్తెడంత జాగల?
'ఆరో తూటా గోడల ఉన్నది' అని రాసి
కింద పూరా పేరు,
ఇందుమతి, కందుల సోమనర్సయ్య బిడ్డ.

వచ్చేటప్పుడు అన్న ముందు సీట్ల కూసుండు.
తిప్పర్తి దాటిందాక వెనక్కి తిరగలే.
ఇంటికాడ ఏముంటదో నాకు ఎర్కలేదు.
వదిన కిటికి కాడ నుంచి లేసి
నన్ను అటు జరగమన్నది.
మాట్లాడలే. టికెటు మడిచి మడిచి
గోరంత చేసింది.

ఠాణాల బీరువల అట్టముక్క నంబరు కింద
అది పండుకొని ఉంటది.
ఆదివారాలు దానికి నూనె రాసేటోళ్లు లేరు.
తుప్పు పడ్తది.
పట్టనీ.